టీవీ మాది, పేరు మా వదినది

మా వదిన పోయింది. ఆ కబురు మా ఇంటికి తెచ్చింది చుట్టాలు కాదు, వీధి చివర కిరాణా కొట్టాయన. మా వీధి మొత్తానికి ఫోను ఉన్నది ఆయన కొట్లోనే. ఆసుపత్రి నుంచి మా ఆయన అక్కడికే ఫోన్ చేశారు. నేను అప్పుడు వదిన కోసం జావ కాచి క్యారేజీలో పోసుకుని చెప్పులు వేసుకుంటున్నాను. కొట్టాయన వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. పప్పు కొలిచే డబ్బా ఇంకా చేతిలోనే ఉంది.

"ఆ జావ ఇంక అక్కర్నేదమ్మా. మీ ఒదిన ఎల్లిపోనాది" అన్నాడు. అని, మా మెట్టు మీదే కూలబడి ఏడ్చాడు. నాకంటే ముందు ఆయన ఏడ్చాడు.

నిజాలు చెప్పాలనే ఇది రాయడానికి కూర్చున్నాను కాబట్టి మొదటి నిజం ఇక్కడే చెప్పేస్తాను. మధ్యాహ్నానికి కంచరపాలెం సగం మా వీధిలో ఉంది. లోకో షెడ్డు వాళ్ళు డ్యూటీ బట్టలతోనే వచ్చారు. హార్బర్ నుంచి చేపలు తెచ్చి అమ్మే ఆవిడ బుట్ట అరుగు మీద దింపి, గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. సీతమ్మధార నుంచి ఎవరో డాక్టరుగారి భార్య రిక్షాలో దిగింది. ఆవిడకి మా వదినతో ఏం పరిచయమో నాకు ఇప్పటికీ తెలీదు. అంత జనాన్ని చూస్తుంటే నాకు దుఃఖంతో పాటు ఒళ్ళు మండింది. నేను పోతే ఇంతమంది వస్తారా అని శవం పక్కన కూర్చుని ఆలోచించాను. రారు. ఆ సంగతి నాకు అక్కడే తేలిపోయింది.

మా వదిన అంటే మా ఆయనకి పెద్దక్క. మా ఎదురిల్లే ఆవిడది. మూడో తరగతి దాకా చదివింది. రైల్వే గ్యాంగులో పనిచేసే ఆయన్ని పెళ్ళి చేసుకుని, పొలాలున్న ఊరు వదిలి, రైలు పట్టాల పక్కకి కాపరానికి వచ్చింది. నేను ఎస్సెల్సీ పాసయిన దాన్ని. నా దస్తూరీ చూసి మా హెడ్మాస్టరు మెచ్చుకున్నారు. పెళ్ళయి వచ్చిన కొత్తలో, ఈ వీధిలో చదువుకున్న కోడలు నేనొక్కదాన్నే కదా, అందరూ నా దగ్గరకే వస్తారనుకున్నాను. ఎవరూ రాలేదు. పిల్లలకి జ్వరమొచ్చినా, రేషను కార్డులో పేరు తప్పు పడినా, అల్లుడు అలిగినా అందరూ తట్టేది ఎదురింటి తలుపే. "అడిగితే మూతి అరిగిపోద్దేటి? పద, నానొస్తాను" అని చెప్పులు లేకుండా బయల్దేరిపోయేది. మా ఆయన కూడా అంతే. జీతం పెరిగిన సంగతి ముందు "అప్పా!" అని వాళ్ళక్కకి చెప్పి, తర్వాత ఇంటికొచ్చి నాకు చెప్పేవారు.

మా ఊరికి టీవీ టవరు వచ్చిన ఏడాది మేం టీవీ కొన్నాం. వీధిలో మొదటి టీవీ. కొనమని పోరు పెట్టింది నేనే. ఎందుకో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

ప్రతి గురువారం సాయంత్రం 'సరుకు సంగతి' అని అరగంట కార్యక్రమం వచ్చేది. మా ఊళ్ళో బొమ్మ కనపడక ముందు నుంచీ, ఎన్నో ఏళ్ళుగా హైదరాబాదులో వస్తోందట. ఒక బల్ల, బల్ల మీద నాలుగు గాజు గ్లాసులు, వెనక నూలుచీర కట్టుకున్న ఒక పెద్దావిడ, అంతే. కారంలో ఇటుక పొడి కలిపితే నీళ్ళలో ఏమవుతుందో, వాడేసిన టీ పొడికి రంగు వేసి అమ్మితే తడి కాగితం మీద ఎలా పట్టుబడుతుందో చేసి చూపించేది. తర్వాత జనం రాసిన ఫిర్యాదుల ఉత్తరాలు పేర్లతో సహా చదివేది. నవ్వేది కాదు, గొంతు పెంచేది కాదు. మా వదిన ఆవిడకి 'గ్లాసులావిడ' అని పేరు పెట్టింది. గురువారం వచ్చిందంటే మా ముందుగది నిండా వీధి ఆడవాళ్ళే. వదిన టీవీకి జానెడు దూరంలో కూర్చుని, పెదవులు కదుపుతూ, ఆవిడ చెప్పే ప్రతి మాటా బట్టీ పట్టేది.

శుక్రవారం పొద్దున్నకల్లా వదిన అరుగు మీద దుకాణం తెరుచుకునేది. నాలుగు గ్లాసులు, ఒక చెంబు నీళ్ళు, పిల్లల నోటుపుస్తకంలోంచి చింపిన అద్దుడు కాగితం. వీధి అంతా పొట్లాలు పట్టుకుని వరసలో నిలబడేది. నేను కిటికీలోంచి చూసేదాన్ని. టీవీ మాది, కరెంటు మాది, చాపలు మావి. పేరు మాత్రం మా వదినది.

ఆవిడ చూసే తీరు కూడా చెప్పాలి. పొడి నీళ్ళలో వేశాక గ్లాసు ముట్టుకునేది కాదు, ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. "తొందరేటి? అది నిజం సెప్పడానికి టైం పడద్ది" అనేది. పట్టుబడితే కొట్టు మీదకి గొడవకి ఉరికేది కాదు. "ముందు కొట్టోడిని అడుగుదాం. ఆడికి కూడా తెల్దేమో" అనేది. ఆ మాట నాకు అప్పుడు చాదస్తంగా అనిపించేది. ఇప్పుడు అంత సులువుగా అనలేను.

ఒక్కసారి మాత్రం ఆవిడ ముందు అడగలేదు. గ్లాసులావిడ ఒక గురువారం అయస్కాంతం తెచ్చింది. బొంబాయి రవ్వలో ఇనప రజను కలుపుతారు, ఇలా తిప్పితే అంటుకుంటుంది అని చూపించింది. మర్నాడు వదిన మైకుసెట్టు బాగుచేసే అతని దగ్గర పాడైపోయిన స్పీకరులోంచి తీసిన పెద్ద అయస్కాంతం తెచ్చుకుంది. ఏడిళ్ళ రవ్వ పళ్ళేల్లో పోసి తిప్పింది. ఏడింటిలోనూ నల్లటి పొడి మీసాల్లాగ లేచి నిలబడింది. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. ఈసారి వదినక్కూడా కోపం ఆగలేదు. అందర్నీ వెంటేసుకుని కిరాణా కొట్టు మీదకి వెళ్ళింది.

"పసిపిల్లలు తినే రవ్వలో ఇనుం కలపడానికి నీకు సేతులెలా వచ్చినాయి?" అని నడివీధిలో అడిగింది. కొట్టాయన బిత్తరపోయాడు. "నాకేటీ తెల్దమ్మా, మిల్లు నుంచి వొచ్చిన బస్తా వొచ్చినట్టే ఉంది" అని దణ్ణం పెట్టాడు. ఎవరూ నమ్మలేదు. నాలుగు రోజులు ఆయన కొట్టు గడప ఎవరూ తొక్కలేదు.

ఆ సాయంత్రం వదిన అయస్కాంతం అడిగి తెచ్చుకుని నేను నా రవ్వ చూసుకున్నాను. అదే కొట్లో కొన్న కొత్త పొట్లం, ఇంట్లోనే విప్పాను. అయస్కాంతానికి ఏమీ అంటలేదు. డాబా మీద ఎండబెట్టి డబ్బాలో పోసుకున్న పాత రవ్వలో తిప్పాను. నల్లగా అంటింది. అనుమానమొచ్చి కిటికీ గట్టు మీద తిప్పాను. అక్కడా అదే మీసం. మా ఇళ్ళ వెనక పట్టాల మీద ఇనప ఖనిజం వ్యాగన్లు పోర్టుకి రాత్రింబవళ్ళు పోతూనే ఉంటాయి. ఆ చక్రాల దగ్గర అరిగిన ఇనుము, వ్యాగన్లలోంచి ఎగిరే ధూళి మా డాబాల మీద పడుతుంది. మేమంతా పురుగు పట్టకుండా రవ్వ ఎండబెట్టుకునేది ఆ డాబాల మీదే. ఆ రవ్వలో ఇనుము కలిపింది మేమే.

నాకు ఒక్క నిమిషంలో తెలిసిపోయింది. ఎవరికీ చెప్పలేదు. ఆవిడ తప్పు ఆవిడే చేసింది, ఎవరో బయటపెడతారు, అప్పుడు చూద్దాం అనుకున్నాను. మూడు రోజులు ఆ రహస్యాన్ని బెల్లం ముక్కలాగ చప్పరిస్తూ తిరిగాను. వీధి చివర కొట్టాయన ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు, అదీ చూశాను.

అయిదో రోజు వదిన డాబా మీద వడియాలు ఎండబెడుతూ, గట్టు మీది నల్లటి ధూళి చూసి తనే కనిపెట్టింది. దిగివచ్చి ఏం చేసిందనుకున్నారు? ఆడవాళ్ళందర్నీ మళ్ళీ పిలిచింది. మళ్ళీ అదే నడివీధిలో, అదే కొట్టు ముందు నిలబడింది. "బాబూ, తప్పు నాది. నీ రవ్వలో ఏటీ నేదు. నా డాబా మీద ఉంది, నా బుర్రలో ఉంది. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే సెప్తన్నాను" అంది. కొట్టాయన కళ్ళు తుడుచుకున్నాడు. నాకైతే కడుపు రగిలిపోయింది. ఈవిడ ఒప్పు చేసినా పేరు ఈవిడకే, తప్పు చేసినా పేరు ఈవిడకే. నేను ముందే కనిపెట్టానని అప్పుడు చెప్పుకోడానికి కూడా నాకు ముఖం లేకపోయింది.

ఇలా మూడు నాలుగేళ్ళు నడిచాక ఒక గురువారం టీవీ పెడితే గ్లాసులావిడ లేదు. బల్ల లేదు. రంగురంగుల సోఫాలు, వెనక మెరుపు కాగితాల తోరణాలు. సూటు వేసుకున్న కుర్రాడు ఒకడు, పట్టుచీర కట్టుకున్న అమ్మాయి ఒకత్తి. మాటమాటకీ పకపకా నవ్వుకున్నారు. మధ్యలో ఒక పాట. ఆఖర్న ఒక ప్రశ్న, జవాబు రాసి పంపితే బహుమతి. కొత్త రకం మిక్సీ ఒకటి చూపించి ఆహా అన్నారు. ఇకపై 'సరుకు సంగతి' కొత్త రూపంలో వస్తుందని, మీ అభిప్రాయాలు రాయండని చెప్పి వెళ్ళిపోయారు.

వదిన అలాగే కూర్చుండిపోయింది. "గ్లాసులావిడేదే? ఒంట్లో బాగోనేదేటి?" అని నన్నడిగింది. నాకేం తెలుసు. వచ్చే వారం వస్తుందేమో అన్నాను. మూడు వారాలు చూశాం. ఆవిడ రాలేదు. ఆవిడ ఏమైందో ఒక్క ముక్క కూడా చెప్పలేదు. "ఇన్నేల్లు మనకి మంచి సెడ్డ సెప్పిన మనిసి. ఎల్లిపోతే ఎల్లొస్తానని సెప్పనివ్వరా?" అని వదిన బాధపడింది. నాలుగో వారం కార్యక్రమం మధ్యలోనే లేచి నిలబడింది. "ఇది సరుకు సంగతి సెప్పడం కాదు, సరుకు అమ్మడం. ఓలే పిల్లా, ఉత్తరం రాయి" అంది.

రాశాను. ఆవిడ చెబుతుంటే నేను రాశాను. గ్లాసులావిణ్ణి మళ్ళీ తీసుకురండి, పాటలు మాకు వేరే కార్యక్రమాల్లో వస్తున్నాయి, కారం ఎలా చూడాలో పాటలో చెప్పలేరు కదా అని. కింద వీధిలోని ఆడవాళ్ళందరూ సంతకాలు చేశారు, రాయడం రానివాళ్ళు వేలిముద్రలు వేశారు. మొదటి సంతకం వదినది. నా సంతకం చివర్న ఎక్కడో ఇరుక్కుంది. రాసిందంతా నేనే, కానీ అది వదిన ఉత్తరం అన్నారు అందరూ.

ఆ మధ్యాహ్నం తలుపేసుకుని ఇంకో ఉత్తరం రాశాను. కొత్త రూపం ఎంతో బాగుందని, పాతది పాఠశాలలా విసుగ్గా ఉండేదని, ఇప్పుడు కుటుంబమంతా ఆనందంగా చూస్తున్నామని. నా పేరు ఇంటిపేరుతో సహా కింద గుండ్రంగా రాశాను. ఒక్క ముక్క కూడా నిజం కాదు. ఆ సూటు కుర్రాడి నవ్వు చూస్తే నాకు పళ్ళు పులిసేవి. కానీ పొగిడితే చదువుతారని నాకు తెలుసు.

వదిన ఉత్తరం నేను దాచెయ్యలేదు, చించెయ్యలేదు. రెండు ఉత్తరాలూ ఒకే పోస్టు డబ్బాలో, ఒకే చేత్తో వేశాను. కాబట్టి నేనేమీ అన్యాయం చెయ్యలేదని నాకు నేను చాలాకాలం చెప్పుకున్నాను.

మూడో గురువారం నా పేరు వచ్చింది. పట్టుచీర అమ్మాయి కాగితం చూస్తూ, "విశాఖపట్నం కంచరపాలెం నుంచి శ్రీమతి..." అని నా పేరంతా చదివింది. మా కొత్త రూపం విశాఖ ప్రేక్షకులకి ఎంత నచ్చిందో చూడండి అంది. నేను రాసిన మాటలన్నీ, పాఠశాల, విసుగు, అన్నీ చదివింది. గది నిండా వీధి ఉంది. సంతకాల ఉత్తరం మాట ఎత్తనే లేదు. ఎప్పటికీ ఎత్తలేదు.

ఎన్నో ఏళ్ళు నేను ఎదురుచూసిన క్షణం అది. చాప కింద దూరిపోతే బాగుండుననిపించింది.

వదిన నెమ్మదిగా వెనక్కి తిరిగింది. "సదివింది నీ పేరేనేటే?" అంది. తల ఊపాను. లేచి, వీధి దాటి, వాళ్ళింటికి వెళ్ళిపోయింది. అయిపోయింది అనుకున్నాను. రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది, చేతిలో పంచదార డబ్బా. "మా మరదలి పేరు టీవీలో సెప్పినారు. నోరు తీపి సేసుకోండి" అని అందరి చేతుల్లో తలో చెంచా పోసింది. మొదటి చెంచా నా చేతిలో. ఆ ముఖంలో కోపం కోసం వెతికాను, వెటకారం కోసం వెతికాను. ఏమీ దొరకలేదు. దొరికితే బతికిపోదును.

తర్వాతి గురువారం ఆవిడ రాలేదు. మోకాళ్ళ నొప్పి అంది. మరి రానే లేదు. ఆవిడ రాకపోతే వీధి కూడా రావడం మానేసింది. ముందుగదిలో టీవీ, నేను మిగిలాం. ఏడాది తిరక్కుండానే ఆ కార్యక్రమం కూడా ఆగిపోయింది. అరుగు మీద శుక్రవారాలు మాత్రం ఆగలేదు. నేను కిటికీలోంచి చూడటమూ ఆగలేదు. ఎదురుపడితే ఇద్దరం కూరల గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఆ ఉత్తరం మాట ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. క్షమించమని అడగాలని ఎన్నిసార్లు వీధి సగం దాటి వెనక్కి వచ్చానో నాకే తెలుసు.

ఈ మధ్య గుండె నొప్పి అని ఆసుపత్రిలో చేర్చారు. వార్డులో నాలుగు రోజులకే పక్క మంచాల వాళ్ళు పాలు తెచ్చి, "అమ్మా, కాస్త సూసి సెప్పండి" అంటున్నారు. నాకు అక్కడ కూడా చిరాకేసింది. ఆఖరి మధ్యాహ్నం మంచం దగ్గర మా వాళ్ళెవరూ లేరు. ధైర్యం చేసి, "వదినా, ఆ గురువారం..." అన్నాను.

"ఏ గురువారం?"

"నా ఉత్తరం చదివిన రోజు."

"ఓలే పిల్లా, ఓ మాట సెప్తాను, నవ్వకు. ఆయాల నుంచి నాను మీ ఇంటికి రాకపోడం మోకాలు నొప్పి వల్ల కాదు. నాకు నీ మీద కుల్లొచ్చినాది."

"నామీదా?"

"మరేటి? ఇన్నేల్లు టీవీలో ఏటి సెప్తే అది సేసినాను. ఒక్కనాడైనా నా పేరు పలికినారా? నువ్వు నాలుగు ముక్కలు రాత్తే ఇంటిపేరుతో సహా సదివినారు. నాకే గాని నీలాగ రాయడం వొచ్చుంటేనా..." అని నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. మంచినీళ్ళు పట్టాను.

ఆ మాటకి నేను సిగ్గుపడాలి. సంతోషపడ్డాను. ఒళ్ళంతా తేలికైపోయింది. ఆ ఉత్తరం అబద్ధమని, ఆ కార్యక్రమం నాకూ నచ్చలేదని అప్పుడే చెప్పెయ్యాలి. నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. చెబితే ఆవిడకి నామీదున్న కుళ్ళు పోతుంది. పుట్టి బుద్ధెరిగాక నామీద ఒకరు కుళ్ళుకోవడం అదొక్కటే. దాన్ని వదులుకోవాలనిపించలేదు. రేపు చెబుదాంలే అని ఇంటికి వచ్చేశాను. ఆ రేపు పొద్దున్నే నేను జావ కాచింది.

పదకొండో రోజు అయ్యాక వచ్చిన శుక్రవారం మా తలుపు చప్పుడైంది. మూడో ఇంట్లోకి కొత్తగా కాపరానికి వచ్చిన అమ్మాయి, చేతిలో కాఫీ పొడి పొట్లం. "మీరు సూత్తారని సెప్పినారండి" అంది. ఆ పిల్ల వెనక వీధి ఆడవాళ్ళు ఏడెనిమిది మంది నిలబడ్డారు. నేను జీవితమంతా కోరుకున్నది అదే.

గ్లాసులో నీళ్ళు పోసి, చిటికెడు పొడి వేశాను. మంచి కాఫీ అయితే తేలాలి, చికోరీ అయితే గోధుమరంగు చార వదుల్తూ మునగాలి. అందరూ నా ముఖమే చూస్తున్నారు. ఇంక ఉండబట్టలేక అనేశాను. "మీకో సంగతి చెప్పాలి. ఆ కొత్త కార్యక్రమం నాకు నచ్చలేదు. ఆ ఉత్తరం అబద్ధం. పేరు కోసం రాశాను. వదినకి చెప్పేలోపే ఆవిడ పోయింది."

ఎవరూ ఉలిక్కిపడలేదు. మా పక్కింటావిడ కొంగు సర్దుకుంటూ, "అది మాకు తెల్దేటమ్మా?" అంది. "ఆ మర్నాడే మీ ఒదిన మమ్మల్నందర్నీ పిలిసి సెప్పినాది. మా మరదలికీ ఆ పోగ్రాం నచ్చనేదు, సూత్తన్నపుడు మొకం సూత్తే తెలీదా, పేరు కోసం రాసుకుంది. సదూకున్న పిల్ల, ఈ ఈదిలో దాని పేరు ఎవులు పలుకుతున్నారు? ఒక్కపాలి పలికించుకుంది. ఎవులూ దాన్ని ఏటీ అనకండని ఒట్టేయించుకుంది."

అంతా తెలుసన్నమాట. అయితే ఆసుపత్రిలో చెప్పిన కుళ్ళు మాట నిజమా, లేక నా ముఖం చూసి, నాకు కావలసింది ఇచ్చి వెళ్ళిపోయిందా? అడుగుదామంటే మనిషి లేదు. ఉన్న ఒక్క గొప్పా నాదో కాదో తెలీకుండా చేసి పోయింది మా వదిన. ఇప్పటికీ ఆవిడంటే నాకు కుళ్ళే.

"మునిగిందాండీ?" అని అడిగింది కొత్త కోడలు. పొడి ఇంకా నీళ్ళ మీదే ఉంది. "ఉండమ్మా" అన్నాను. ఆడవాళ్ళంతా నా భుజాల మీదుగా వంగి గ్లాసులోకి చూస్తున్నారు. ఎవరిదో ఊపిరి నా చెంపకి తగులుతోంది. నీళ్ళలోకి సన్నటి గోధుమరంగు చార ఒకటి, నెమ్మదిగా దిగడం మొదలుపెట్టింది.